అల్బేనియన్ల గోడరాతలు, సంతాప కాగితాలు, కామెంట్లు: లిఖిత జానపదాన్ని ఎలా సేకరించాలి?

ప్రశ్న ఇది: "జానపద విజ్ఞానం చదువుతున్నాను. అల్బేనియన్ల నగరాల్లో, ఆన్‌లైన్‌లో ఇప్పుడు పుడుతున్న లిఖిత జానపదం మీద పని చెయ్యాలని ఉంది. మీమ్‌లతో మొదలుపెడదామనుకుంటున్నాను. గోడరాతలు, ఫేస్‌బుక్ కామెంట్లు కూడా జానపదం కిందికి వస్తాయా? ఏవి తీసుకోవాలి, ఎలా భద్రపరచాలి, ఎక్కడ పొరపాట్లు జరుగుతాయి?"

మీమ్‌లతో మొదలుపెట్టకండి. అల్బేనియా రాజధాని తిరానాలో, అల్బేనియన్లే ఎక్కువగా ఉన్న పొరుగు దేశం కొసొవో రాజధాని ప్రిష్టినాలో తిరిగే మీమ్‌లలో చాలా వాటి బొమ్మ బయటి నుంచి వచ్చిందే, పైన రాసిన మాట ఒక్కటే అల్బేనియన్. అందులో ఏది ఊరి సొత్తో, ఏది అరువు సొమ్మో విడదీయాలంటే ముందు ఆ భాషలో జనం మామూలుగా ఏం రాస్తారో చెవికి, కంటికి అలవాటు కావాలి. మొదటి మూడు నెలలు రెండే రెండు చోట్ల పని చెయ్యండి: పసిపిల్లల, పెళ్లిళ్ల, చావుల పోస్టుల కింద వచ్చే కామెంట్లు, వీధుల్లో స్తంభాలకీ గోడలకీ అంటించే సంతాప కాగితాలు. పాత మౌఖిక సంప్రదాయం రాతలోకి నడిచి వచ్చిన దారి ఈ రెండు చోట్లా కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు.

ముందు, ఏది జానపదం అన్న సంగతి తేల్చుకుందాం. మన లారీల వెనక "నన్ను చూసి ఏడవకురా" అని ఉంటుంది. మొదట ఎవరు రాశారో ఎవరికీ అక్కర్లేదు. ఒక పెయింటరు "ఏడవకు" అంటాడు, ఇంకొకడు "ఏడవకురా" అంటాడు, మూడోవాడు పక్కన ఒక కన్ను బొమ్మ వేస్తాడు. కొత్త బండి అనే సందర్భం ఉంది, దిష్టి అనే భయం ఉంది. అల్బేనియన్ రాతకీ ఇదే కొలత: రాసినవాడి పేరు అవసరం లేకుండా అది బతుకుతోందా, కనీసం రెండు మూడు పాఠాంతరాలు దొరుకుతున్నాయా, ఫలానా సందర్భంలో రాయాలని జనానికి తెలుసా? మూడింటికీ అవునంటేనే మీ జాబితాలోకి ఎక్కించండి. ఒక్క ఫోటో దొరికిన వింత రాతని "సేకరించినవి" అన్న వేరే ఫోల్డర్లో పెట్టి రెండో పాఠం దొరికేదాకా ఆగండి.

ఇక కామెంట్ల సంగతి. అల్బేనియన్ భాషలో క్రియకి ఆశంసార్థక రూపం ఒకటి ప్రత్యేకంగా ఉంది. "అలా అవ్వాలి, అవుగాక" అని కోరుకోడానికే పుట్టిన ప్రత్యయాలవి. తెలుగులో "-గాక" ప్రార్థనలకీ గ్రంథాలకీ పరిమితమైపోయింది కానీ తిట్లలో మాత్రం దానికి సాటి "-ను" రూపం ఇంకా ప్రాణంతో ఉంది: "నీ చెయ్యి పడిపోను", "పాడుగాను". అల్బేనియన్లకి దీవెనా శాపమూ రెండూ రోజువారీ ఈ రూపంలోనే వస్తాయి. "ర్రోఫ్ష్" అంటే "బతుకు చల్లగా", థాంక్స్‌కి బదులు వాడతారు. "చోఫ్త్ లార్గ్" అంటే "అది దూరంగా పోవుగాక", చెడు మాట ఎత్తాల్సి వచ్చినప్పుడు. "తు థాఫ్త్ దోర" అంటే "నీ చెయ్యి ఎండిపోను". నోటితో చెప్పే ఈ దీవెనల్ని ఉరిమ్ అనీ శాపాల్ని మల్కిమ్ అనీ అక్కడి జానపద శాస్త్రజ్ఞులు ఎప్పట్నించో వేరు ప్రక్రియలుగా సేకరిస్తున్నారు. కామెంటు పెట్టె వచ్చాక ఇవి అడ్రసు మార్చుకున్నాయి, అంతే.

ఒక పసిబిడ్డ ఫోటో కింద ఏం జరుగుతుందో దగ్గర్నించి చూడండి. మొదటి కామెంటు "మాషల్లా", దేవుడు తలచినట్టే అయిందని. రెండోది కూడా అదే, కాని మధ్యలో ర చేరి "మార్షల్లా". మూడో మనిషి "యు ర్రోఫ్త్" అంటుంది, మీకు ఆ బిడ్డ బతికి బట్టకట్టాలి అని. నాలుగో ఆవిడ "మె యెత్ త జాత్", దీర్ఘాయుష్షుతో, అంటుంది. ఈలోగా ఒకతను "ఎంత ముద్దుగా ఉన్నాడో!" అని ఉత్త మెచ్చుకోలు రాసి ఊరుకుంటాడు. అప్పుడు కింద ఎవరో "థువాయ్ మాషల్లా" అని దిద్దుతారు: మాషల్లా అను. మీకు కావలసింది ఆ దిద్దుబాటే. మెచ్చుకుంటే మసూష్, అంటే దిష్టి, తగులుతుందన్న నమ్మకం చెక్కుచెదరకుండా ఉందనీ, రాతకీ ఆ నియమం వర్తిస్తుందనీ అది రుజువు చేస్తుంది. "మోస్ ఎ మార్ర్‌త్ మసూష్", దిష్టి తగలకుండుగాక, అన్న వాక్యం కూడా వస్తుంది. కాబట్టి దీవెనలు ఒక్కటే కాపీ చేసుకుని పోకండి. ఎవరు ఎవర్ని సరిదిద్దారు, దేనికి జవాబుగా ఏది వచ్చింది అన్న వరసతో సహా రాసుకోండి.

వంట ఫోటో కింద "త లూమ్త్ దోర" అని ఉంటుంది, మన "నీ చేయి చల్లగుండ" లాంటిదే. కొందరు చేతుల్ని బహువచనం చేసి "త లుంషిన్ దువార్త్" అంటారు. పెళ్లి ఫోటో కింద "ఉ త్రషగోఫ్షిన్". మాటకి మాట పెడితే "వారసత్వం దక్కుగాక" అని, భావం మాత్రం పిల్లాపాపలతో వర్ధిల్లమని. కొత్త కారు, కొత్త ఇల్లు అయితే కొసొవోలో "పర్ హాయర్", ఆ హాయర్ టర్కీ ఏలుబడిలో వచ్చిన మాట. ఒక్కో దీవెనకి కనీసం 30 ఉదాహరణలు పోగు చెయ్యండి. పది దొరగ్గానే ఇదీ సూత్రం అని తేల్చేస్తే అందులో నాలుగు ఒకే కుటుంబం వాళ్లవై ఉంటాయి.

చావు పోస్టుల దగ్గర జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. "ద్రీత్ పాస్త్" అంటే "వెలుగు దక్కుగాక". "రహ్మెత్ పాస్త్"లో రహ్మెత్ అరబ్బీ మాట, దేవుడి దయ. "న్ద్యెస్ పాస్త్" క్షమాపణ దక్కుగాక అని. కొసొవోలో "క్ర్యెత్ ష్నోష్" అని చనిపోయినవారి ఇంటివాళ్లకి చెప్తారు, మీ తల క్షేమంగా ఉండాలని. వీటి పక్కనే "పుషోఫ్త్ న పాచె" కనిపిస్తుంది. ప్రపంచమంతటా సమాధుల మీద ఉండే "శాంతిగా విశ్రమించుగాక"కి అనువాదం ఇది, కాని అల్బేనియన్ తన సొంత ఆశంస రూపంలోకి దాన్ని లాగేసుకుంది. కొత్తవాళ్లు చేసే తప్పు ఏమిటంటే, రహ్మెత్ కనపడగానే "ముస్లిం కుటుంబం", వెలుగు కనపడగానే "క్రైస్తవ కుటుంబం" అని గడి నింపెయ్యడం. అల్బేనియాలో 1967లో మతాచారాన్నే నిషేధించారు, 1990 దాకా ఆ నిషేధం నడిచింది. ఒక తరం మొత్తం మత సూత్రాలు బాహాటంగా పలకకుండా పెరిగింది. తర్వాత ఎవరికి ఏ మాట నోటికి వస్తే అది వాడారు. ఒకే ఇంట్లో ముగ్గురు మూడు రకాలుగా రాస్తారు. మతం గడి ఖాళీగా వదిలెయ్యండి, రాసిన మాట ఒక్కటే ఎక్కించండి.

కాగితం మీది సంతాపం వేరే లోకం. ఏ4 కాగితం, పైన ఒక వాక్యం, మధ్యలో ఫోటో, పేరు, పుట్టిన, పోయిన సంవత్సరాలు, ఖననం ఎన్ని గంటలకి, పరామర్శకి ఎక్కడికి రావాలి. అల్బేనియాలో మొదటి వాక్యం ఎక్కువగా "ఉ న్ద న్గ యేత" అని, జీవితం నించి విడిపోయాడని. "న్దర్రోయ్ యెత్" అని కూడా రాస్తారు, బతుకు మార్చుకున్నాడని. కొసొవోలో ఎక్కువగా "కలోయ్ న అమ్షిమ్", శాశ్వతత్వంలోకి దాటాడు. "వ్దిచ్", చచ్చిపోయాడు, అన్న ఉత్త మాట కాగితం మీద అరుదు. కొసొవోలో పరామర్శ కూర్చునేదాన్ని "ఎ పామ్య" అంటారు, ఆ చోటూ వేళలూ కాగితం మీద తప్పకుండా ఉంటాయి.

అన్నిటికంటే కింద ఉండే వరస చూడండి: "త పికల్లుఅరిత్", అంటే దుఃఖంలో ఉన్నవారు, అని రాసి రెండు చుక్కలు పెట్టి బంధువుల జాబితా. భార్య, కొడుకులు, కూతుళ్లు, కోడళ్లు, అల్లుళ్లు, మనవలు. ఎవరి తర్వాత ఎవరు, కోడళ్లు కూతుళ్లకి ముందా వెనకా, అన్నదమ్ములకి చోటు ఎక్కడ, పేర్లతోనా ఉత్త వరసలతోనా? యాభై కాగితాలు పక్కపక్కన పెట్టి ఈ వరస ఒక్కటే పట్టికలో వెయ్యండి. కుటుంబం తనని తాను ఎలా లెక్కపెట్టుకుంటుందో ఆ పట్టికలో తేలుతుంది, ఏ ప్రశ్నావళితోనూ అంత తిన్నగా తేలదు.

ఒక చిక్కుంది. ఈ కాగితాలు చాలావరకు అంత్యక్రియల దుకాణం దగ్గర ఉన్న మూసలో అచ్చవుతాయి. కాబట్టి మూస ఏది, కుటుంబం పట్టుబట్టి మార్చుకున్నది ఏది అని వేరు చెయ్యాలి. ఒకే పేటలో ఒకే అక్షరాల తీరుతో, ఒకే అంచు గీతతో ఉన్న అయిదు కాగితాలు చూస్తే మూస పట్టుబడుతుంది. మీకు కావలసింది ఆ మూసని దాటిపోయిన వాక్యం.

గోడల దగ్గరికి వస్తే చరిత్ర తెలియకుండా అడుగు పెట్టకూడదు. కమ్యూనిస్టు నియంత ఎన్వర్ హోజా పాలనలో గోడ మీద రాయడం ప్రజల హక్కు కాదు, పార్టీ ఆయుధం. 1967 నించి ఫ్లెత-ర్రుఫె అని ఉండేది, "పిడుగు కాగితం". పనిచేసే చోట ఎవరి మీదైనా బాహాటంగా విమర్శ రాసి అంటించేవారు, ఆ మనిషి దానికి రాతలోనే జవాబు చెప్పుకోవాలి. మరో పక్క, 1977 నాటి శిక్షాస్మృతిలో 55వ అధికరణం "ఆందోళన, ప్రచారం" నేరం కింద నోటి మాటకే జైలు. అందుకే ఆ కాలపు రాజకీయ హాస్యం కాగితం మీద దాదాపు దొరకదు. అది చెవుల్లో దాక్కుంది, బార్సొలేత అనే చిన్న జోకు రూపంలో. ఇప్పుడు ఆన్‌లైన్‌లో "హోజా కాలపు జోకులు" అని వచ్చే జాబితాలు తర్వాతి రోజుల్లో జ్ఞాపకం నించి రాసినవి. వాటికి 1970ల తేదీ వెయ్యకండి. రాసిన రోజు తేదీ వేసి, "ఫలానా కాలానిదని చెప్తున్నారు" అని పక్కన పెట్టండి. బెక్తాషీ అనే సూఫీ శాఖ బాబాల కథలూ నస్త్రదీన్ (ముల్లా నస్రుద్దీన్) కథలూ ఇవాళ్టి మంత్రుల పేర్లతో తిరిగి రావడం కూడా ఇందులో భాగమే. జిరోకాస్త్రవాళ్లు పిసినారులనీ ష్కోద్రవాళ్లు మాటకారులనీ ఉన్న పాత పేరు ఆ జోకుల్ని ఇప్పటికీ నడిపిస్తోంది.

బెరాత్ దగ్గర ష్పిరాగ్ కొండ మీద 1968లో హోజా పేరుని బండరాళ్లతో రాశారు, ఒక్కో అక్షరం దాదాపు వంద మీటర్లు. పాలన పడిపోయాక సైన్యాన్ని పెట్టి చెరిపించబోయినా పూర్తిగా పోలేదు. 2012లో అర్మాందో లులాయ్ అనే కళాకారుడు మొదటి రెండక్షరాలు, ఇ, ఎన్, ఒకదాని చోట ఒకటి మార్చాడు. "ఎన్వర్" ఇంగ్లీషు "నెవర్" అయిపోయింది, "ఇంకెన్నడూ వద్దు". ఇది జానపదమా? మొదటిది రాజ్యం రాసిన రాత, రెండోది పేరున్న కళాకారుడి పని. రెండూ జానపదం కావు. ఆ అక్షరాల తారుమారుని జనం తమ మాటల్లోకి, బొమ్మల్లోకి తీసుకున్న చోట జానపదం మొదలవుతుంది. మీ పట్టికలో "మూలం", "జనం వాడుక" అని రెండు గడులు ఉండాలనేది ఇందుకే.

ప్రిష్టినాలోనూ అంతే. 2005లో వెతవెండోస్యె, అంటే స్వయంనిర్ణయం, అనే ఉద్యమం "చర్చలు వద్దు, స్వయంనిర్ణయం" అన్న నినాదాన్ని అచ్చు పలకతో (స్టెన్సిల్) ఊరంతా కొట్టింది. అప్పట్లో కొసొవో పాలన చూస్తున్న ఐక్యరాజ్యసమితి బళ్ల మీద ఉండే యు, ఎన్ అక్షరాలకి ముందొక ఎఫ్, వెనకొక డి చేర్చారు. "ఫుండ్" అయింది, అల్బేనియన్‌లో "ముగింపు". రెండక్షరాల రంగు ఖర్చుతో బండి యజమాని తన మీద తనే రాసుకున్నట్టు చేశారు. ఇలాంటిది ఫోటో తీసేటప్పుడు బండి మీద ముందే ఉన్న అక్షరాలకీ తర్వాత వేసిన వాటికీ రంగు తేడా కనపడేలా దగ్గర ఫోటో తియ్యాలి, లేకపోతే జోకు ఎక్కడుందో నలభై ఏళ్ల తర్వాత చదివేవాడికి అర్థం కాదు. తేదీ కూడా అంతే ముఖ్యం. ఆ ఉద్యమం 2021లో పెద్ద మెజారిటీతో గెలిచి ప్రభుత్వం నడిపింది. 2005లో తిరుగుబాటుగా ఉన్న నినాదం, అదే గోడ మీద అదే అక్షరాలతో, 2021లో పాలక పార్టీ పేరు.

అదే నగరంలో 2008 ఫిబ్రవరి 17న స్వాతంత్ర్య ప్రకటన రోజున ఆవిష్కరించిన "న్యూబార్న్" అక్షరాల స్మారకం ఉంది. జనం దాని మీద సంతకాలు చేశారు, తర్వాతా రాస్తూనే ఉన్నారు. ఏటా అదే తేదీకి దానికి కొత్త రంగు వేస్తారు. అంటే ఏడాది పొడుగునా పోగైన పేర్లు, ప్రేమలు, తిట్లు ఒక్క రోజులో మాయం. మీరు వెళ్లాల్సింది ఫిబ్రవరి రెండో వారంలో, రంగు డబ్బాలు రాకముందు. పండగ రోజున వెళ్తే మీకు శుభ్రమైన గోడ దొరుకుతుంది.

ఫుట్‌బాల్ అభిమానుల రాతలు ప్రతి పేటలోనూ ఉంటాయి. ఒక్కటి గమనించండి: తిరానా జట్టు అభిమానులు తమని "తిరోన" అని రాసుకుంటారు, ఊరి యాసలో పలికినట్టు. ఇక్కడ అక్షరక్రమమే ఊరి జెండా.

దాంతో అక్షరక్రమం దగ్గరికి వచ్చాం. అల్బేనియన్ లిపికి 36 అక్షరాలు, 1908 నవంబరులో మనాస్తిర్ మహాసభలో ఖాయమయ్యాయి. ప్రామాణిక రాత 1972లో తిరానా మహాసభలో కుదిరింది, దానికి ఆధారం ఎక్కువగా దక్షిణాది తోస్క్ మాండలికం. ఉత్తర అల్బేనియావాళ్లు, కొసొవోవాళ్లు మాట్లాడేది గెగ్. బడిలో ప్రామాణికం, ఫోన్లో గెగ్: ఆన్‌లైన్ రాతలో సగం రుచి ఇక్కడే ఉంది. "పని చెయ్యడం", "పని చెయ్యడానికి" అనే అర్థమిచ్చే క్రియారూపానికి ముందు "మె" వస్తే గెగ్ అని గుర్తు పట్టొచ్చు. అలాగని వెంటనే కొసొవో అని రాయకండి, తిరానా పాత వాడుక కూడా గెగ్ వైపే.

మీ వెతుకులాటకి ఇది నేరుగా అడ్డం వస్తుంది. రెండు చుక్కలున్న ఇ, కింద తోక ఉన్న సి, ఈ రెండక్షరాల్ని ఫోన్లో చాలామంది చుక్కలూ తోకా లేకుండానే కొడతారు. కొసొవోలో తోక సి బదులు క్యూ రాయడం మామూలు. "చ్ఫార", అంటే "ఏమిటి", అన్న ఒక్క మాటకి తోక సితో, ఉత్త సితో, క్యూతో, చివర చుక్కలతో, చుక్కల్లేకుండా, ఇన్ని రకాలుగా వెతకాలి. ధన్యవాదాలకి మూడు హల్లులే రాస్తారు, ఎఫ్, ఎల్, ఎమ్. "శుభరాత్రి"కి ఎన్, ఎమ్. పాత పేజీల నించి దించినప్పుడు చుక్కల ఇ ఉన్న చోట టోపీ పెట్టుకున్న పెద్ద ఎ, పక్కన ఇంకేదో గుర్తు కనిపిస్తే అది రాసినవాడి తప్పు కాదు, ఫైలు యూనికోడ్‌లో తెరుచుకోలేదు. సరిచేసి మళ్లీ తెరవండి. కాని మనిషి చేసిన తప్పు మాత్రం ముట్టుకోకండి. "రాసినట్టే" అని ఒక వరస, "ప్రామాణిక రూపం" అని ఇంకో వరస పెట్టుకోండి, వెతకడం రెండో వరసలో, ఉటంకించడం మొదటి వరసలో. యంత్రానువాదాన్ని నమ్మి మూడో వరస నింపొద్దు. ఆశంస రూపాన్ని అది తరచూ ఉత్త వర్తమానంగా మార్చేస్తుంది, దీవెన కాస్తా వార్త అయిపోతుంది.

సూక్తుల బొమ్మలు ఇంకో పెద్ద గని. "అల్బేనియన్ ఇల్లు దేవుడిదీ అతిథిదీ" అన్నది ప్రతి పండక్కీ తిరుగుతుంది. ఇది లెక దుకాజిని కానూన్ అనే కొండ ప్రాంతపు ఆచార చట్టంలోది, ష్త్యెఫన్ జెచోవి అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి కొండల్లో సేకరించాడు, ఆయన హత్య తర్వాత 1933లో పుస్తకంగా వచ్చింది. మూలం గెగ్‌లో ఉంటుంది, బొమ్మల మీద ఎక్కువగా ప్రామాణిక భాషలోకి సర్దేసి ఉంటుంది. ఏ బొమ్మ మీద ఏ రూపం ఉందో రాసుకుంటే ఎవరు ఎవరి నించి దించుకున్నారో తెలుస్తుంది. 15వ శతాబ్ది అల్బేనియన్ వీరుడు స్కందర్‌బేగ్ అన్నాడని తిరిగే "స్వేచ్ఛని నేను తేలేదు, ఇక్కడే మీ మధ్యే చూశాను" అన్న మాట 16వ శతాబ్ది మొదట్లో మారిన్ బార్లేతి లాటిన్‌లో రాసిన చరిత్రలోది, అంటే ఆయన మరణించాక నాలుగు దశాబ్దాలకి రచయిత నోట్లో పెట్టిన ఉపన్యాసం. "అబద్ధం" అని కొట్టెయ్యడం మీ పని కాదు. ఎక్కడి నించి వచ్చిందో రాసి, జనం దాన్ని దేనికి వాడుతున్నారో పక్కన పెట్టండి.

ఫోటోల విషయంలో మాత్రం నిర్దాక్షిణ్యంగా ఉండాలి. 1991 ఆగస్టు 8న దాదాపు ఇరవై వేలమందితో ఇటలీలోని బారి రేవుకి చేరిన వ్లోర ఓడ ఫోటోని రెండో ప్రపంచ యుద్ధం నాటి ఐరోపా శరణార్థులదనీ, సిరియావాళ్లదనీ ప్రపంచమంతా తిప్పింది. అల్బేనియన్ పేజీల్లో అదే ఫోటో సొంత కుటుంబాల జ్ఞాపకంగా వస్తుంది. బొమ్మ ఒకటే, రెండు జానపదాలు. ప్రతి బొమ్మనీ గూగుల్ లెన్స్‌లోనూ టిన్‌ఐలోనూ వెతికి, దొరికిన పాత తేదీ రాయండి.

వదంతి సందేశాలకి గట్టి ఉదాహరణ 2019. సెప్టెంబరు 21 భూకంపం తర్వాత "ఇంతకంటే పెద్దది వస్తోంది" అన్న మాట పాకి తిరానాలో జనం రాత్రిపూట ఇళ్లు వదిలారు. నవంబరు 26న నిజంగానే 6.4 తీవ్రతతో వచ్చింది, 51 మంది పోయారు. ఈ సందేశాల్లో చూడాల్సినవి: గంట ఎంత ఖచ్చితంగా ఇచ్చారు, ఏ అధికారి పేరు వాడారు, "మా బంధువు చెప్పాడు" అన్న గొలుసు ఎన్ని మెట్లుంది, చివర "అందరికీ పంపండి" ఉందా. నవంబరు తర్వాత రాసినవాళ్లు సెప్టెంబరు సందేశాన్ని గుర్తు చేసుకునేటప్పుడు గంట, తీవ్రత మార్చేస్తారు. రెండిటినీ కలిపేస్తే ఒక జోస్యం ఫలించిన కథ మీ చేతులతో మీరే తయారు చేసినట్టవుతుంది.

ఇప్పుడు మీమ్‌లు. వీటిల్లో దిగుమతి కానివి ముందు పట్టుకోండి. ప్రతి జులై, ఆగస్టుల్లో జర్మనీ, స్విట్జర్లాండ్ నంబరు పలకల కార్లతో కొసొవోకి దిగే ప్రవాసుల్ని "షాత్సి" అంటారు, జర్మన్ ముద్దు మాట నించి వచ్చిన ఎగతాళి. సరిహద్దు దగ్గర క్యూ, పెళ్లిళ్ల వరస, సగం జర్మన్ సగం గెగ్ వాక్యాలు, ఇవి ఏటా తిరిగొస్తాయి. ఏటా రావడమంటే ఏటా పోల్చొచ్చు. 2014 అక్టోబరు 14న బెల్‌గ్రేడ్‌లో సెర్బియా, అల్బేనియా మ్యాచ్‌లో జెండాతో దిగిన డ్రోను, 2018 జూన్ 22న సెర్బియా మీద గోల్ కొట్టి స్విట్జర్లాండ్ జట్టులోని అల్బేనియన్ ఆటగాళ్లు జాకా, షాచిరీ చేతులతో చూపిన, అల్బేనియా జెండా మీది రెండు తలల గద్ద, ఇలాంటి సంఘటనల చుట్టూ పుట్టినవి ఒక వారంలో వందలుగా వస్తాయి, తర్వాత రెండో మూడో నిలుస్తాయి. సంఘటన జరిగిన వారంలో ఒకసారి, ఆరు నెలలకి ఒకసారి పోగుచేసి ఏవి నిలిచాయో చూడండి.

కొత్తగా కడుతున్న ఇంటికి వేలాడదీసే దోర్దొలెత్స్ అనే గడ్డిబొమ్మ మన దిష్టిబొమ్మే, పక్కన వెల్లుల్లి దండ కూడా ఉంటుంది. అది రాత కాదు గనక మీ జాబితాలో చేరదు. దాని ఫోటో కింద వచ్చే మాటలు చేరతాయి.

పని పద్ధతి ఇలా పెట్టుకోండి. వీధిలో ప్రతి రాతకీ మూడు ఫోటోలు: వీధి మొత్తం కనపడేది, ఎదురుగా నిటారుగా తీసింది, పక్కన అడుగు బద్ద పెట్టి దగ్గర్నించి తీసింది. తీసిన తేదీ, పేట, దేని మీద రాశారు, స్ప్రే డబ్బానా మార్కరా అచ్చు పలకా, వరస వరసకీ తప్పులతో సహా పాఠం, దాని మీద ఎవరైనా కొట్టేశారా, జవాబు రాశారా. నెలకోసారి అదే గోడకి తిరిగి వెళ్లండి. ఆన్‌లైన్‌లో ఫేస్‌బుక్ కామెంట్ల వరస మొదట "ముఖ్యమైనవి" అని కొన్నిటినే చూపిస్తుంది. "అన్ని కామెంట్లు" ఎంచుకోకపోతే సగం దీవెనలు మీ కంట పడవు. "2 రోజులు" అని ఉన్న చోట కంప్యూటర్లో మౌస్ బాణం ఆనిస్తే అసలు తేదీ వస్తుంది, అది రాసుకోండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు, అందులో వెతకలేం. పాఠాన్ని వేరే కాపీ చెయ్యండి. పాత వెబ్ పేజీల్ని దాచే వేబ్యాక్ మెషీన్‌కి లాగిన్ వెనక ఉన్న పేజీలు దొరకవు, కాబట్టి ఆర్కైవ్‌వెబ్.పేజ్ లాంటి బ్రౌజర్ పనిముట్టుతో పేజీని మీ దగ్గరే దాచుకోవాలి. చిన్న వీడియోలు చూసిన రోజే దించండి. అల్బేనియాలో 2025 మార్చిలో టిక్‌టాక్‌ని ప్రభుత్వం ఆపేసినప్పుడు, రేపు చూద్దాం అనుకున్నవాళ్లకి అక్కడి కామెంట్లు అందకుండా పోయాయి. కొసొవోలో ఆ నిషేధం పెట్టలేదు, అందువల్ల ఆ తేదీ తర్వాతి రాతల్లో కొసొవో పాలు పెరిగినట్టు కనిపిస్తే అది యాసల మార్పు కాదు.

పేర్లు వేరే ఫైల్లో, తాళం వేసి. సంతాప కాగితం మీద బతికున్న పాతికమంది పేర్లు, ఇంటి అడ్రసు ఉంటాయి. ఉత్తరాదిలో రక్తపగలున్న కుటుంబాలకి ఆ అడ్రసు ప్రాణం మీదికి తెచ్చే విషయం. ప్రచురించేటప్పుడు వరసలు ఉంచండి, పేర్లు, ముఖాలు, ఊరి చిన్న పేట తీసెయ్యండి. బహిరంగ పోస్టు కదా అని కామెంటు ఎత్తి పత్రికలో వెయ్యకూడదు. ఏడుస్తూ రాసిన మనిషి లోకానికని రాయలేదు. సెర్బుల మీద, రోమా జనం మీద వచ్చే తిట్లు దొరుకుతాయి, దాచొద్దు, శీర్షికల్లోకీ ఉదాహరణల్లోకీ ఎక్కించొద్దు.

ఒక్క చావు పోస్టు ఎంచుకుంటే క్యాలెండర్లో మూడు తేదీలు గుర్తు పెట్టుకోండి: పోయిన రోజు, 40వ రోజు, ఏడాది. 40 అటు ముస్లింలకీ ఇటు ఆర్థడాక్స్ వాళ్లకీ పాటింపు ఉన్న రోజే. అదే ఫోటో మళ్లీ పైకి వస్తుంది, చాలావరకు అవే పేర్లు తిరిగి వస్తాయి. మొదటి రోజు "ద్రీత్ పాస్త్" అన్నవాళ్లు ఏడాదికి ఎక్కువగా "ఇ పహర్రువార్" అంటారు, మరపురానివాడు. మాట ఏ రోజు మారిందో తేదీతో పట్టుకోండి.